పేరుకే ‘ఎవర్‌బేరింగ్’: పెరటి రాస్‌బెర్రీలో ఏ కాడ కోయాలి, ఏది ఉంచాలి

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఫిబ్రవరి చివరి వారాలు పెరటి తోట పెంచేవారికి ఒక చిక్కు ప్రశ్నను తెచ్చిపెడతాయి. మంచు కరుగుతున్న మడిలో రాస్‌బెర్రీ దుబ్బు నిలబడి ఉంటుంది. ఆకు ఉండదు, పచ్చదనం ఉండదు. ఛాతీ ఎత్తున గోధుమరంగు పుల్లలు మాత్రం కనిపిస్తాయి. వాటిలో కొన్ని నిజంగానే ఎండి చచ్చినవి. మరికొన్ని పైన చచ్చి, కింద బతికి, నాలుగు నెలల్లో పండ్లు ఇవ్వబోయేవి. చేతిలో కత్తెర పట్టిన మనిషికి ఈ తేడా తెలియకపోతే, ఒక్క ఆదివారం ఉదయం చేసిన శ్రమకు జూన్ కాపు మొత్తం చెత్తకుప్ప పాలవుతుంది.

ఈ పొరపాటులో సగం బాధ్యత పేరుది. నర్సరీలో మొక్కకు కట్టిన అట్టముక్కపై ‘ఎవర్‌బేరింగ్’ అని రాసి ఉంటుంది. ఎప్పుడూ కాస్తూనే ఉండేది అని ఆ మాటకు అర్థం. హిందీ ప్రాంతాల నర్సరీల్లో వినిపించే ‘బారామాసీ’ కూడా అటువంటిదే, పన్నెండు నెలల మాట. నిజానికి ఎవర్‌బేరింగ్ రాస్‌బెర్రీ కాసేది రెండు విడతలే. ఆగస్టు చివర మొదలై శరదృతువంతా సాగే పెద్ద కాపు ఒకటి. మరుసటి ఏడాది జూన్‌లో వచ్చే చిన్న కాపు ఇంకొకటి. ఆ రెండింటి మధ్య విరామం ఉంటుంది. చలికాలంలోనైతే పండు మాట అటుంచి ఆకు కూడా ఉండదు. ఈ విషయంలో తెలుగు రైతులు మరింత జాగ్రత్తగా మాట వాడారు. అసలు కాలానికి తోడు మరో కాలంలోనూ కాసే మామిడిని ‘పునాస’ అన్నారే తప్ప, నిత్యం కాసేదని ఎవరూ అనలేదు. రాస్‌బెర్రీ విషయంలోనూ ‘రెండు కాపుల రకం’ అనడమే సబబు.

ఉద్యాన శాస్త్రవేత్తలు సైతం ఇటీవలి దశాబ్దాల్లో ‘ఎవర్‌బేరింగ్’ను పక్కనపెట్టి ‘ప్రైమోకేన్ ఫ్రూటింగ్’ అనే పదబంధాన్ని వాడుతున్నారు. మొదటి ఏడాది కాడ మీదనే కాసేది అని దాని భావం. వినడానికి బరువైన మాటే అయినా, కత్తెర పట్టేవారికి కావలసిన సమాచారం అంతా అందులోనే ఉంది.

కాడకు రెండేళ్లు, వేరుకు పదేళ్లు

రాస్‌బెర్రీ గులాబీ కుటుంబానికి చెందిన మొక్క. దాని వేరు, మొదలు ఏళ్ల తరబడి బతుకుతాయి. బాగా చూసుకున్న మడి పదేళ్లకు పైగా కాపునిస్తుంది. నేల పైకి వచ్చే కాడల సంగతి వేరు. ఏ కాడ ఆయుష్షయినా రెండేళ్లే. అరటి తోట చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. అరటి చెట్టు ఒకసారి గెల వేసి అంతటితో ముగుస్తుంది. దాని దుంప నుంచి వచ్చిన పిలక మరుసటి పంటను అందుకుంటుంది. రాస్‌బెర్రీ కూడా పిలకల మీద బతికే మొక్కే. కాకపోతే ఇక్కడ పిలకలు మొదలు దగ్గరే కాకుండా, నేలలో పాకిన వేళ్ల మీద ఎక్కడ మొగ్గ ఉంటే అక్కడ లేస్తాయి. వరుస దాటి, గట్టు దాటి, ఒక్కోసారి పొరుగువారి గడ్డిలోకీ వెళతాయి.

వసంతంలో నేల చీల్చుకుని వచ్చే కొత్త కాడను ‘తొలికాడ’ అనుకుందాం. అదే కాడ ఒక చలికాలం గడిపి రెండో ఏట అడుగుపెడితే ‘మలికాడ’ అవుతుంది. సాధారణ రాస్‌బెర్రీలో తొలికాడ మొదటి ఏడాది ఆకులు వేసి పొడవు పెరుగుతుంది, అంతే. పగలు కురచబడి చలి ముదిరే వేళ దాని కణుపుల్లో పూమొగ్గలు రూపుకడతాయి. అవి చలికాలమంతా నిద్రపోయి, రెండో ఏటి వేసవి మొదట్లో పూసి కాస్తాయి. కాపు అయ్యాక ఆ కాడ చచ్చిపోతుంది.

రెండు కాపుల రకం ఈ నిరీక్షణను పాటించదు. తొలికాడ తగినన్ని కణుపులు వేయగానే, అదే వేసవిలో, కొస నుంచి పూత మొదలుపెడుతుంది. పూత కొస నుంచి కిందికి దిగుతూ కాడ పైభాగం వరకు వస్తుంది. ఆగస్టు చివర, సెప్టెంబరులో ఆ భాగం పండుతుంది. చలి వచ్చి కాపు ఆగిపోతే పండిన భాగం ఎండుతుంది. కింది కణుపుల్లో ఇంకా విచ్చుకోని మొగ్గలు మిగిలి ఉంటాయి. అవి చలికాలం దాటి, మలికాడ మీద జూన్ కాపుగా వస్తాయి. అంటే రెండు కాపులకూ ఆధారం ఒకే కాడ. పై సగం మొదటి ఏడాది, కింది సగం రెండో ఏడాది. ఫిబ్రవరిలో పైన చచ్చి, కింద బతికి ఉన్నట్టు కనిపించే పుల్ల వెనుక ఉన్న కథ ఇదే.

జెనీవా నుంచి వచ్చిన రకం

అమెరికా పెరళ్లలో ఈ తరహా రాస్‌బెర్రీ అంటే ఇప్పటికీ ముందుగా వినిపించే పేరు ‘హెరిటేజ్’. దీన్ని 1969లో విడుదల చేసింది జెనీవాలోని వ్యవసాయ ప్రయోగ కేంద్రం. ఈ జెనీవా స్విట్జర్లాండ్‌లోది కాదు, న్యూయార్క్ రాష్ట్రంలోని చిన్న పట్టణం. ఆ కేంద్రం కార్నెల్ విశ్వవిద్యాలయంలో భాగం. మిల్టన్, కత్‌బర్ట్ అనే రెండు రకాల సంకరాన్ని న్యూ హాంప్‌షైర్‌లో రూపొందిన డరమ్‌తో కలిపి దీన్ని సాధించారు. శరత్కాలపు కాపు డరమ్ నుంచి వచ్చిన గుణం.

హెరిటేజ్ పండు మరీ పెద్దది కాదు. రుచిలో దాన్ని మించినవి తర్వాత కొన్ని వచ్చాయి. అమెరికాలోని కరోలిన్, ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్ నుంచి వచ్చిన ఆటమ్ బ్లిస్ అలాంటివి. అయినా అర్ధ శతాబ్దం దాటాక కూడా హెరిటేజ్ అంగట్లో నిలవడానికి కారణాలు ఉన్నాయి. కాడలు గట్టిగా, నిటారుగా నిలుస్తాయి. పండు కాస్త బిగువుగా ఉండి చేతిలో చితకదు. పిలకలు దండిగా వేస్తుంది. ఒక్క మొక్క నాటినా తన పుప్పొడితోనే కాస్తుంది, తోడుగా మరో రకం అక్కర్లేదు. తేనెటీగలు మాత్రం కావాలి. ఎందుకంటే రాస్‌బెర్రీ పండు ఒక్క కాయ కాదు. పదుల సంఖ్యలో చిన్న చిన్న రసపు గుళికల కూర్పు. ఒక్కో గుళికకూ విడిగా పరాగం అందాలి. కొన్నింటికి అందకపోతే పండు గుత్తి చెదిరి, కోయగానే పొడిపొడిగా రాలుతుంది.

హెరిటేజ్‌కు ఉన్న పెద్ద లోపం ఆలస్యం. న్యూజెర్సీలో, దక్షిణ న్యూయార్క్‌లో సెప్టెంబరు అంతా చేతికి పండు అందుతుంది. ఇంకా ఉత్తరాన, మిన్నెసోటా లాంటి చోట్ల, కాడ కొసన పండ్లు ఎర్రబడే వేళకే ఉష్ణోగ్రత సున్నాకు పడిపోయి మిగిలిన పూత మాడిపోతుంది. అక్కడివారు ఇంకొంచెం ముందుగా పండే ఆటమ్ బ్లిస్, పోలండ్ రకమైన పోలానా వంటివి నాటుకోవడం మేలు.

మొత్తం కోయడమా, సగం ఉంచడమా

కత్తిరింపుకు రెండు పద్ధతులు ఉన్నాయి.

మొదటిది సులువు. చలికాలం చివర, కొత్త మొగ్గలు కదలకముందే, మడిలోని కాడలన్నింటినీ నేలమట్టానికి కోసేయడం. రెండంగుళాలకు మించి మోడు మిగల్చకూడదు; మిగిలితే ఆ మోడు మీది మొగ్గలు బలహీనమైన రెమ్మలు వేస్తాయి. తెలుగు నేలపై చెరకు రైతులు కార్శి తోటలో మోళ్లు చెక్కడం ఎందుకు చేస్తారో, ఇక్కడా అందుకే. నేల లోపలి మొగ్గ నుంచి వచ్చేదే బలమైన కాడ. ఈ పద్ధతిలో జూన్ కాపు ఉండదు. శరత్కాలపు కాపు ఒక్కటే, అయితే నిండుగా వస్తుంది. పాత కాడల్లో చలికాలం గడిపే తెగుళ్లు, కాడ తొలిచే పురుగులు కోతతోపాటే వెళ్లిపోతాయి. చలికి కాడ దెబ్బతింటుందని, కుందేళ్లు కొరుకుతాయని చింత అక్కర్లేదు. కాడే ఉండదు కదా. ఏ కాడ ఏ వయసుదో గుర్తుపట్టవలసిన అవసరం అంతకంటే ఉండదు.

తొందరపడి శరత్కాలంలోనే కోయడం మంచిది కాదు. ఆకులు రాలే వేళ కాడలోని ఆహార నిల్వలు కిందికి, వేళ్లలోకి దిగుతాయి. అది పూర్తయ్యేదాకా, అంటే చలికాలం నడిమి దాటేదాకా ఆగాలి.

రెండో పద్ధతిలో కాడ కొసన పండి ఎండిన భాగాన్ని మాత్రమే తీసేస్తారు. కింది భాగం మిగులుతుంది, జూన్‌లో కాస్తుంది. ఇక్కడ పని రెట్టింపు. జూన్ కాపు అవుతూనే ఆ మలికాడలను నేలమట్టానికి తీసేయాలి, లేకపోతే వాటి నీడలో తొలికాడలు సన్నబడతాయి. పైగా ఒకే వేరు రెండు తరాల కాడలను ఏకకాలంలో పోషించవలసి వస్తుంది కాబట్టి శరత్కాలపు కాపు కొంత తగ్గుతుంది. రెండు కాపులంటే రెండింతల పండ్లు కావు. నర్సరీ అట్టముక్క ఈ లెక్క చెప్పదు.

విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలు ఇంటి తోటలకు చాలాకాలంగా మొదటి పద్ధతినే సూచిస్తూ వచ్చాయి. నాలుగైదు మొక్కలున్న ఇంట్లో అదే తగినదని అనుభవజ్ఞులూ అంటారు. అయితే ఈ సలహా అందరికీ వర్తించదు. ఇల్లు కొనుక్కుని చేరినప్పుడు పెరట్లో అప్పటికే ఉన్న రాస్‌బెర్రీ ఏ రకమో తెలియదు. అది వేసవి రకమై, కొత్త యజమాని ఏటా చలికాలంలో నేలమట్టానికి కోస్తూ పోతే, ఆ దుబ్బు ఏపుగా పెరుగుతూనే ఉంటుంది, ఒక్క పండూ కాయదు. తప్పు నేలదని, ఎరువుదని అనుకుంటూ ఏళ్లు గడిచిపోతాయి. రకం తెలియనప్పుడు ఒక ఏడాది కత్తెర ముట్టకుండా చూడటమే పరీక్ష. ఆ వసంతంలో వచ్చిన ఆకుపచ్చ కాడల కొసన సెప్టెంబరులో పూతో, పండో కనిపిస్తే అది రెండు కాపుల రకం. గోధుమరంగు బెరడు కట్టిన పాత కాడల మీద మాత్రమే కాస్తే వేసవి రకం.

లెక్క మార్చిన ఈగ

2008లో కాలిఫోర్నియాలో ఒక చిన్న ఈగను గుర్తించారు. తూర్పు ఆసియాకు చెందిన దాని శాస్త్రీయ నామం డ్రోసోఫిలా సుజుకీ. మగ ఈగ రెక్కల కొసన ఒక్కో నల్ల మచ్చ ఉంటుంది కనుక మచ్చల రెక్కల ఈగ అంటారు. కొన్నేళ్లలోనే అది అమెరికా అంతటా విస్తరించింది. ఐరోపానూ అదే కాలంలో చేరింది. అరటిపండు మగ్గిపోతే చుట్టూ ముసిరే మామూలు ఈగలకు ఇది దగ్గరి బంధువే. తేడా అంతా ఆడ ఈగ గుడ్లు పెట్టే అవయవంలో ఉంది. మామూలు ఈగ కుళ్లిన పండులో గుడ్లు పెడుతుంది. దీనికి రంపపు పళ్ల వంటి అవయవం ఉంది. గట్టిగా ఉన్న, ఇప్పుడిప్పుడే రంగు తిరుగుతున్న పండు తోలును కూడా కోసి లోపల గుడ్డు దించగలదు. పైకి నిక్షేపంగా కనిపించే పండులో లోపల సన్నని తెల్లని పురుగులు ఉంటాయి.

వెచ్చని వాతావరణంలో రెండు వారాల్లోపే ఒక తరం పూర్తవుతుంది. కాబట్టి వేసవి మొదట్లో తక్కువగా ఉండే ఈగల సంఖ్య ఆగస్టు, సెప్టెంబరు నెలలకు విపరీతంగా పెరుగుతుంది. హెరిటేజ్ కాపు సరిగ్గా ఆ నెలల్లోనే వస్తుంది. తోలు పలుచన, రసం మెండు, రంగు ఎరుపు. ఈ ఈగకు ఇంతకంటే అనువైన పండు లేదు. జూన్ కాపు మాత్రం ఈగలు పెరగకముందే వచ్చి చాలావరకు తప్పించుకుంటుంది. శరత్కాలపు కాపు ఒక్కటే చాలన్న పాత సలహా ఈ ఈగ రాకముందు కాలానిది. ఇవాళ న్యూజెర్సీ, మేరీలాండ్ వంటి చోట్ల పెరటిలో పది అడుగుల వరుస ఉన్నవారు సగం వరుసను నేలమట్టానికి కోసి, మిగతా సగంలో కొసలు మాత్రమే తీసి చూడటం తెలివైన పని. ఒక కాపు చెడినా మరొకటి మిగులుతుంది.

ఈగ నివారణకు మిల్లీమీటరు కన్నా చిన్న రంధ్రాలున్న వల కప్పడం ఒక మార్గం. వేసవి రకాలకు పూత ముగిశాక వల కప్పితే సరిపోతుంది. హెరిటేజ్‌తో వచ్చిన చిక్కేమిటంటే, అది ఒకే కాడ మీద పూత, పిందె, పండు అన్నీ ఒకేసారి మోస్తుంది. వల వేస్తే ఈగతోపాటు తేనెటీగ కూడా బయటే ఉండిపోతుంది. అందుకే ఇంటి తోటలో అందరికీ సాధ్యమైన ఉపాయం కోతే. రోజూ, కనీసం రోజు విడిచి రోజు, పండిన ప్రతి పండునూ కోయాలి. మగ్గినవి, రాలినవి కూడా ఏరి సంచిలో కట్టి ఎండలో పెట్టాలి. కంపోస్టు కుప్పలో వేస్తే ఈగలకు నర్సరీ పెట్టినట్టే. కోసిన పండ్లను వెంటనే ఫ్రిజ్‌లో ఉంచితే లోపలి గుడ్ల ఎదుగుదల నిలిచిపోతుంది. అనుమానం ఉంటే గుప్పెడు పండ్లను ఉప్పునీటిలో కాసేపు వేసి చూడవచ్చు. పురుగులు ఉంటే బయటికి వచ్చి తేలతాయి. తెలియక తిన్నవారికి హాని ఏమీ జరగదని నిపుణులు చెబుతారు. ఆ మాట మనసుకు ఎంత ఊరటనిస్తుందన్నది వేరే సంగతి.

కోతలో మరొకటి గుర్తుంచుకోవాలి. మామిడిలా రాస్‌బెర్రీని కోసి మగ్గబెట్టడం కుదరదు. కోసిన క్షణం ఎంత తీపి ఉందో అంతే. పండితే వేళ్లతో తాకగానే ఊడి వస్తుంది, లోపలి తెల్లని గుంజు మొక్కకే ఉండిపోతుంది. పండు టోపీలా బోలుగా చేతికి వస్తుంది. లాగవలసి వస్తే ఇంకా పండలేదని అర్థం. బ్లాక్‌బెర్రీకీ దీనికీ తేడా అక్కడే: బ్లాక్‌బెర్రీలో గుంజు పండుతోపాటే వస్తుంది.

టమాటా వేసిన మడిలో వద్దు

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పెరళ్లలో వేసవి వచ్చిందంటే టమాటా, వంగ, మిరప, గోంగూర, బీర, సొర తప్పనిసరి. పిల్లలు అడిగారని అదే మడి చివర రాస్‌బెర్రీ నాటడం సహజంగా తోచే ఆలోచన. అది సరైనది కాదు. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఒకే కుటుంబపు పంటలు. వాటికి సోకే వెర్టిసిలియం అనే శిలీంధ్రం నేలలో ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. రాస్‌బెర్రీకీ అదే శిలీంధ్రం ఎండు తెగులు తెస్తుంది. టమాటా వాడిపోతే ఆ సీజన్ నష్టం. పదేళ్లు ఉండవలసిన రాస్‌బెర్రీ వాడిపోతే నష్టం అంతకు పది రెట్లు. ఈ పంటలు, స్ట్రాబెర్రీ కూడా, గత నాలుగేళ్లలో వేయని చోటునే ఎంచుకోవాలి. పెరడు చిన్నదై అలాంటి చోటు దొరకకపోతే, కొత్త మట్టితో నింపిన ఎత్తు మడి మేలు.

ఎత్తు మడికి ఇంకో ప్రయోజనం ఉంది. రాస్‌బెర్రీ వేళ్లు పై అడుగు, అడుగున్నర లోతులోనే ఉంటాయి. నీరు నిలిస్తే వేరుకుళ్లు తెగులు పట్టి దుబ్బు మొత్తం పోతుంది. బంకమట్టి నేలల్లో మడిని పది అంగుళాలైనా పైకి లేపాలి. నేల ఉదజని సూచిక 5.6 నుంచి 6.5 మధ్య, అంటే స్వల్పంగా ఆమ్ల గుణంతో ఉండాలి. నాటడానికి అనువైన కాలం వసంతారంభం. మట్టి లేకుండా వేళ్లతో వచ్చే నిద్రావస్థ మొక్కలను గంటో రెండు గంటలో నీటిలో నానబెట్టి, రెండడుగుల ఎడంతో, లోతు ఎక్కువ కాకుండా నాటాలి. అందులోంచి చిన్న పుల్ల తప్ప ఏమీ కనిపించక మొదటి నెల నిరుత్సాహం కలుగుతుంది. ఆ పుల్ల ఎండినా ఫరవాలేదు. కాడలు వచ్చేది వేరు నుంచి. అన్నీ అనుకూలిస్తే హెరిటేజ్ నాటిన ఏడాదే సెప్టెంబరులో నాలుగు పండ్లు రుచి చూపిస్తుంది.

తర్వాతి పనులు మామూలువే. వారానికి అంగుళం నుంచి అంగుళంన్నర నీరు, వీలైతే డ్రిప్ ద్వారా, గడ్డి లేదా చెక్కపొట్టుతో మల్చింగ్, వసంతంలో ఎరువు. వరుస వెడల్పు అడుగున్నర మించకుండా బయటికి వచ్చిన పిలకలను పారతో తీసేయాలి. కాడకూ కాడకూ మధ్య అరడుగు ఉంటే గాలి ఆడుతుంది. జూన్ చివర నుంచి ఆకులను జల్లెడలా కొరికే లోహపు మెరుపు పురుగులు జపనీస్ బీటిల్స్. 1916లో అమెరికాలో తొలిసారి కనిపించింది న్యూజెర్సీలోనే. ఉదయం చల్లగా ఉన్నప్పుడు అవి మందకొడిగా ఉంటాయి; సబ్బునీళ్ల డబ్బాలోకి దులిపేయడమే పెరటి వైద్యం.

తీసేసిన పిలకలను స్నేహితులకు పంచడం పెరటి తోటల్లో ఆనవాయితీ. కరివేపాకు పిలకకు అది మంచి మర్యాద. రాస్‌బెర్రీ దగ్గర అది ప్రమాదం. పేనుబంక ద్వారా వ్యాపించే వైరస్‌లు పాత దుబ్బుల్లో ఏ లక్షణమూ చూపకుండా ఉండగలవు, పిలకతోపాటు కొత్త ఇంటికి చేరగలవు. వైరస్ లేదని ధ్రువీకరించిన మొక్కను కొనడమే ఇక్కడ పొదుపు.

హైదరాబాద్ మిద్దె మీద

రెండు కాపుల రకాలకు శరత్కాలపు కాపు కోసం చలికాలం తప్పనిసరి కాదన్న మాట విని, వేడి ప్రాంతాల్లోనూ ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఆ మాట కొంతవరకే నిజం. తొలికాడ పూతకు దీర్ఘమైన చలి అవసరం లేకపోవచ్చు, కానీ చల్లని వేసవి అవసరం. పగటి వేడి 30 డిగ్రీల సెల్సియస్ దాటుతూ పోతే ఎదుగుదల మందగిస్తుంది, పూత నిలవదు, తీవ్రమైన ఎండకు పండులోని గుళికలు తెల్లబడతాయి. డాలస్, హ్యూస్టన్‌లలోని తెలుగువారు హెరిటేజ్‌తో విసిగిపోయేది ఇందువల్లే. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వేడిని ఓర్చుకునే డార్మన్ రెడ్ అనే రకాన్ని సూచిస్తారు. రుచి మాత్రం అంతంత మాత్రం.

మే నెలలో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్, విజయవాడ మిద్దెతోటల్లో పరిస్థితి చెప్పనక్కర్లేదు. కుండీలో మట్టి నేల కన్నా ఎక్కువ వేడెక్కుతుంది. లంబసింగిలో స్ట్రాబెర్రీ పండుతోంది కదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. అక్కడ స్ట్రాబెర్రీ మొక్కలను ఏటా కొత్తగా నాటి, చలి నెలల్లో కాపు తీసుకుంటారు; వేసవిని దాటించవలసిన పని ఉండదు. రాస్‌బెర్రీ దుబ్బు ఏళ్ల తరబడి అదే చోట బతకాలి.

ఆన్‌లైన్ అంగళ్లలో అమ్మే రాస్‌బెర్రీ విత్తనాల పొట్లాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. హెరిటేజ్ వంటి పేరున్న రకాలను పిలకలు, వేరుముక్కలు, కణజాల వర్ధనం ద్వారానే పెంచుతారు. విత్తనం నుంచి వచ్చిన మొక్క తల్లి గుణాలను అలాగే పుణికిపుచ్చుకోదు, కాబట్టి పొట్లంపై ఏ పేరున్నా లోపల ఉన్నది హెరిటేజ్ కాదు. ఇక ‘నీలి రాస్‌బెర్రీ’ అనేది శీతల పానీయాలకు, మిఠాయిలకు వేసే రంగు, రుచి పేరు మాత్రమే. అలా మెరిసే నీలిరంగు పండు కాసే మొక్క లేదు.

భారత ఉపఖండానికి రాస్‌బెర్రీ కుటుంబం పరాయిది మాత్రం కాదు. కుమావూ కొండల్లో పిల్లలు బడి దారిలో కోసుకు తినే పసుపు పండు హిసాలు, నేపాల్‌లో దాన్నే ఐసేలు అంటారు. పండు కోస్తే టోపీలా బోలుగా ఊడి వచ్చేది, కాబట్టి అది రాస్‌బెర్రీయే. పశ్చిమ కనుమల చల్లని ఎత్తుల్లో, హిమాలయాల్లో పెరిగే మరో జాతి పండు ముదిరితే నల్లబడుతుంది. ప్రపంచ నర్సరీల్లో దాని పేరు మైసూర్ రాస్‌బెర్రీ. హెరిటేజ్ బతకలేని దక్షిణ ఫ్లోరిడా పెరళ్లలో దాన్ని నాటుకుంటారు. నాటే ముందు స్థానిక నిబంధనలు చూసుకోవడం మాత్రం తప్పనిసరి. గాలాపగోస్ దీవుల్లో మైసూర్ రాస్‌బెర్రీ, హవాయిలో హిసాలు తోట దాటి అడవికెక్కి, అక్కడి సహజ వృక్షాలను కమ్మేసే కలుపు మొక్కలుగా మారాయి. వాటి పండ్లను తిన్న పక్షులే ఆ గింజలను కొండల నిండా చల్లాయి.